మబ్బులో దాచిన కాగితాలు



సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మధ్య ఒక మాట తరచు వినిపిస్తోంది. "ఫోటోలు ఫోన్లో లేవమ్మా, క్లౌడ్‌లో ఉన్నాయి" అంటాడు అబ్బాయి. క్లౌడ్ అంటే మబ్బు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు మబ్బంటే ఎంత ఆశో అంత భయం. వేళకు కురిస్తే నారుమళ్ళు పచ్చబడతాయి; వేళ తప్పి సముద్రం మీద లేస్తే తుఫానవుతుంది. అటువంటి మబ్బులో పెళ్ళి ఫోటోలూ, పిల్లల మార్కుల జాబితాలూ, పొలం కాగితాల నకళ్ళూ దాచామంటే గుండె ఝల్లుమనదూ?

కంగారు పడకండి. ఇది ఆకాశంలో ఉండే మబ్బు కాదు. ఎక్కడో ఒక ఊళ్ళో, గట్టి కాపలా ఉన్న పెద్ద భవనంలో, బీరువాల్లా వరసగా నిలబెట్టిన వేలాది కంప్యూటర్లు. వాటికి రాత్రింబవళ్ళు కరెంటు కావాలి, వేడెక్కకుండా చల్లదనం కావాలి. టెలిఫోను ఇంజనీర్లు కాగితం మీద బొమ్మ గీసేటప్పుడు, తమ తీగ అవతల ఏయే దారుల్లో పోతుందో వివరంగా చూపక్కర్లేని చోట ఒక మబ్బు బొమ్మ వేసి వదిలేసేవారు. ఆ బొమ్మే పేరుగా నిలిచిపోయింది. అంటే క్లౌడ్ అన్నది "ఎక్కడుందో మీరు పట్టించుకోనక్కర్లేదు" అని చెప్పే పేరన్నమాట. ఆడవాళ్ళం మనం మాత్రం పట్టించుకోవాలి. మన సామాను ఎక్కడుందో, ఎవరి తాళం కింద ఉందో తెలియకుండా నిద్రపట్టదు గదా!

ఈ పద్ధతి నిజంగా కొత్తదేనా, లేక పాతదానికే కొత్త పేరు పెట్టారా? ఈవేళ మనం మాట్లాడుకోబోయేది ఇదే.

ముందు మనకు తెలిసిన కాలువల సంగతి చూద్దాం. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆనకట్టకు ముందు ఎవరి చెరువు వారిది, ఎవరి నుయ్యి వారిది. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆనకట్ట వచ్చాక నీరంతా ఒక్కచోట నిలిచి, కాలువల వెంట గుడివాడ వైపూ బందరు వైపూ, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకూ పారింది. ఎవరి చెరువు వారు తవ్వుకునే బాధ తప్పింది. అయితే దానితో పాటు మరో బాధ వచ్చింది. లాకుల దగ్గర తలుపు ఎప్పుడు ఎత్తుతారో, ఏ కాలువకు ఏ రోజు వంతో నిర్ణయించేవారు మరొకరు. ఎగువన ఉన్నవారికి నీరందినంత తేలిగ్గా నాగాయలంక, కోడూరు శివారు భూములకు అందదు. ఒక్కచోట పోగుచేసి అందరికీ పంచడంలో ఉన్న సుఖమూ, చిక్కూ రెండూ ఇందులోనే ఉన్నాయి. కంప్యూటరు కథా సరిగ్గా ఇంతే.

1950లు, 60లలో కంప్యూటరంటే ఒక గదంత యంత్రం. ఖరీదు లక్షల్లో. ఒక విశ్వవిద్యాలయానికి ఒకటుంటే గొప్ప. లెక్క చేయించుకోవాలంటే అట్టముక్కలకు చిల్లులు పొడిచి, ఆ కట్ట తీసుకువెళ్ళి ఇచ్చి రావాలి. పిండిమరకు బియ్యం డబ్బా పంపినట్లు! మన వంతు వచ్చినప్పుడు ఆడిస్తారు. ఏ సాయంత్రానికో, మర్నాటికో జవాబు కాగితం చేతికొచ్చేది. అందులో ఒక్క తప్పుంటే మళ్ళీ మొదటికే.

ఇలా కాదని 1961లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో అనే శాస్త్రవేత్త బృందం ఒక ఉపాయం చేసి చూపింది. ఒకే యంత్రానికి తీగలతో కొన్ని టైపు మిషన్లు కలిపారు. యంత్రం ఒక్కొక్కరి పని క్షణంలో ఒక చిన్న భాగం చేసి, రెండోవారి పనికి వెళ్ళి, మళ్ళీ మొదటివారి దగ్గరకు వస్తుంది. వేగం ఎక్కువ కనుక ప్రతివారికీ యంత్రం తమ ఒక్కరిదే అనిపిస్తుంది. మన కాలువల్లో వంతులవారీగా నీళ్ళు వదలడం లాంటిదే ఇదీ. కాకపోతే మన వంతు రోజుల్లో వస్తుంది, దాని వంతు సెకనులో ఎన్నోసార్లు వస్తుంది. అదే 1961లో జాన్ మెకార్తీ అనే మరో శాస్త్రవేత్త, టెలిఫోను లాగే కంప్యూటరు శక్తిని కూడా ఎప్పుడో ఒకప్పుడు ప్రజలందరికీ వాడుక లెక్కన అందించవచ్చునని అన్నాడు. ఈనాటి క్లౌడ్ ఆలోచనకు బీజం అక్కడుంది.

తరువాత 1972లో ఐ.బి.ఎం. కంపెనీ తన పెద్ద యంత్రాల మీద మరో సదుపాయం అమ్మకానికి పెట్టింది. ఒకే యంత్రాన్ని లోపల గోడలు పెట్టినట్లు విడదీసి, ఒక్కొక్క భాగం ఒక్కొక్క వేరే కంప్యూటరులా పనిచేసేటట్లు చేశారు. పెద్ద ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకివ్వడం మనకు తెలుసు గదా? ఎవరి వంటిల్లు వారిది, ఎవరి గుమ్మం వారిది. కింద పునాది మాత్రం ఒక్కటే. ఈ వాటాల పద్ధతే ఇవాళ్టి క్లౌడ్‌కు కూడా ఆధారం. కనుక "అంతా కొత్తే" అనేవారి మాట పూర్తిగా నిజం కాదు.

మన దగ్గరా అటువంటి యంత్రాలు ఉండేవి. హైదరాబాదులో 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసింది. ఇంతలో 1981లో ఐ.బి.ఎం. బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటరును తెచ్చింది. ఇక ఎవరి నుయ్యి వారిదే! ఎవరి లెక్క వారి బల్ల మీదే. స్వతంత్రం వచ్చింది, దాంతోపాటు ఇంటెడు చాకిరీ వచ్చింది. యంత్రం పాడైతే మనమే బాగుచేయించుకోవాలి. పురుగు పడితే మనమే దులుపుకోవాలి. లోపలి కాగితాలు పోతే మనమే ఏడవాలి.

ఈ మార్పులన్నీ కళ్ళకు కట్టే ఉదాహరణ మన బందరులోనే ఉంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. లావాటి లెడ్జర్లు, ఇత్తడి టోకెన్లు, కౌంటరు దగ్గర నిరీక్షణ - పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. బందరు బ్రాంచిలో ఖాతా ఉంటే డబ్బు బందరులోనే తీసుకోవాలి. గుడివాడ బ్రాంచికి వెళ్ళి "మాది మీ బ్యాంకే నాయనా" అన్నా లాభం లేదు. మన లెక్క రాసిన పుస్తకం అక్కడ లేదు గదా! 1980లో బ్యాంకు జాతీయమయింది. బ్యాంకుల్లో యంత్రాలు పెట్టే విషయం మీద రిజర్వు బ్యాంకు నియమించిన రంగరాజన్ సంఘాలు 1984లోనూ, 1989లోనూ నివేదికలిచ్చాక దేశమంతా బ్రాంచీల్లోకి మెల్లగా కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఏ బ్రాంచి కంప్యూటరు ఆ బ్రాంచిదే. పుస్తకం పోయి పెట్టె వచ్చిందంతే.

అసలు మార్పు కోర్ బ్యాంకింగుతో వచ్చింది. అన్ని బ్రాంచీల లెక్కలూ ఒకే కేంద్రంలో చేర్చారు. ఇప్పుడు బ్రాంచిలో గుమాస్తా ముందున్న తెర ఒక కిటికీ మాత్రమే. లెక్క ఉన్నది దూరాన. అందుకే బందరు ఖాతా డబ్బు హైదరాబాదులో, ఢిల్లీలో కూడా తీసుకోగలుగుతున్నాం. 2020 ఏప్రిలు 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఎన్ని లక్షల ఖాతాలు ఒక చోటి నుండి మరో చోటికి మారాయో ఊహించండి. మనం ఇల్లు మారలేదు, బ్రాంచి గుమ్మమూ చాలాచోట్ల మారలేదు. తరవాత చెక్కుబుక్కూ, ఐ.ఎఫ్.ఎస్.సి. సంఖ్యా మారాయంతే. లెక్కలు కేంద్రంలో ఉండబట్టి అది సాధ్యమైంది. బందరులో పుట్టిన పేరు బోర్డుల మీద నుంచి పోయిందన్న బాధ వేరే సంగతి.

రైలు టిక్కెట్టుదీ అదే దారి. గుడివాడ జంక్షనులో రిజర్వేషను కిటికీ దగ్గర నిలబడితే, బెర్తు ఉందో లేదో చెప్పేది అక్కడి గుమాస్తా ముందున్న పెట్టె కాదు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు - ఈ అయిదు చోట్ల పెద్ద కంప్యూటర్లు పెట్టి 1999 నాటికి వాటినన్నిటినీ కలిపారు. 2002 నుంచి ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్టులో టిక్కెట్టు కొనుక్కునే వీలు కలిగింది.

ఈ బ్యాంకు పద్ధతి, రైలు పద్ధతి - ఇవే క్లౌడా? కాదు. ఇవి పాత కేంద్ర పద్ధతికి వారసులు. ఒక సంస్థ తన పనికోసం తానే ఏర్పాటు చేసుకున్న యంత్రాలు. క్లౌడ్ వీటినుంచి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు ఏమిటో మన ఇళ్ళల్లో జరిగే పెళ్ళి చెబుతుంది.

అమ్మాయి పెళ్ళికి వెయ్యిమంది వస్తారని వెయ్యి కంచాలూ, పది గుండిగలూ కొని అటక మీద పెట్టుకుంటామా? అద్దెకు తెచ్చుకుంటాం. పని కాగానే తిరిగి ఇచ్చేస్తాం. వాడుకున్నంతకే డబ్బు. పూర్వం కంప్యూటరు కావలసిన సంస్థ, ఏడాదిలో ఒక్కరోజు వచ్చే రద్దీకి సరిపడా యంత్రాలు కొని మిగతా రోజులు ఖాళీగా ఉంచవలసి వచ్చేది. పరీక్షా ఫలితాలు వచ్చే రోజు తలచుకోండి. రాష్ట్రంలోని పిల్లలందరూ, తల్లులందరూ ఒకే గంటలో చూస్తారు. మర్నాడు చూసేవాడుండడు. 2006లో అమెజాన్ కంపెనీ తన కంప్యూటర్లను ఎవరికైనా గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. రద్దీ రోజున వంద యంత్రాలు తీసుకో, మర్నాడు తొంభయి తిరిగి ఇచ్చెయ్యి. తరువాత మైక్రోసాఫ్టు, గూగుల్ కూడా ఆ వ్యాపారంలోకి దిగాయి. భారత ప్రభుత్వం తన శాఖల కోసం 2014లో "మేఘరాజ్" పేరుతో జాతీయ క్లౌడ్ ప్రారంభించింది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన కేంద్రాలు తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో భారీ డేటా కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. మబ్బు మన తీరానికే వస్తోందన్నమాట!

పాతదానికీ కొత్తదానికీ పోలికలూ తేడాలూ ఇప్పుడు టూకీగా చెప్పుకుందాం. యంత్రం మన దగ్గర ఉండదు, పదిమందితో పంచుకుంటాం, వాడుక లెక్కన చెల్లిస్తాం, తాళం వేరేవారి చేతిలో ఉంటుంది - ఈ నాలుగూ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇక తేడాలు. పూర్వం ఒకే మహా యంత్రం. అది చెడితే అందరి పనీ ఆగేది. ఇప్పుడు వేలాది చిన్న యంత్రాలు. ఏదో ఒకటి రోజూ చెడుతూనే ఉంటుందని ముందే అనుకుని, ఒక్కొక్క కాగితానికి రెండు మూడు నకళ్ళు వేరువేరు యంత్రాల్లో దాస్తారు. పూర్వం మన ముందుండే టైపు మిషనుకు సొంత తెలివి లేదు; ఇప్పుడు చేతిలోని ఫోనే ఒక కంప్యూటరు, సగం పని అదే చేస్తుంది. పూర్వం అందరికీ ప్రవేశం ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు.

ఇదంతా మనకెందుకంటారేమో. దివిసీమ సంగతి ఒకసారి తలచుకుందాం.

1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్ళను ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఇళ్ళకు ఇళ్ళే కొట్టుకుపోయిన చోట, పెట్టెలో దాచిన పట్టాలూ పాసుపుస్తకాలూ ఎక్కడ మిగులుతాయి? ఆ రోజుల్లో ఊరి భూమి లెక్కలు చూసేది కరణంగారు. ప్రాణం దక్కినవారికి మా పొలం ఇదీ, మా హద్దు ఇదీ అని చెప్పుకోవడానికి కాగితం కావాలి. కాగితం ఒక్కచోటే ఉంటే, ఆ ఒక్కచోటికి నీరు వస్తే, ఇక అంతే. నకలు దూరాన ఉండాలి అన్న ఒక్క మాట కోసమైనా క్లౌడ్‌ను మెచ్చుకోవచ్చు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఇప్పుడు భూమి లెక్కలు కంప్యూటరులోకి ఎక్కాయి. 2015లో వచ్చిన "మీ భూమి" ద్వారా ఎవరి అడంగలు వారు ఇంట్లోంచే చూసుకోవచ్చు.

అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. కరణంగారి కలం తప్పు రాస్తే ఆ ఊళ్ళోనే గోల చేసేవాళ్ళం. ఇప్పుడు తప్పు ఎక్కడో ఎక్కుతుంది, మనకు తెలిసేసరికి ఏడాదవుతుంది. అందుచేత పొలం ఉన్న ప్రతి ఇల్లాలూ ఏడాదికి రెండుసార్లయినా పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక ప్రతి అచ్చు తీసి ఉంచుకోవాలి.

ఇంకొక చిక్కు. 2014లో హుద్‌హుద్ తుఫానప్పుడు విశాఖలో కరెంటూ, సెల్‌ఫోన్లూ మూగబోయాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరులో మొంథా వచ్చింది. టవరు పడిపోయిన రోజున కాగితాలు మబ్బులో భద్రంగానే ఉంటాయి. మనకు మాత్రం అందవు. శివారు భూమికి కాలువ నీరందనట్లే. సహాయ శిబిరంలో ఆధార్ అడిగితే "మబ్బులో ఉంది" అంటే కుదురుతుందా?

కేంద్రం కూడా ఎప్పుడూ చల్లగా ఉండదు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ కేంద్రంలో లోపం వచ్చి, ప్రపంచంలో ఎన్నో సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. అంతకు ముందు నెలలోనే దక్షిణ కొరియాలో డేజాన్ అనే నగరంలో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రానికి నిప్పంటుకుంది. ఆరువందలకు పైగా ప్రభుత్వ సేవలు నిలిచాయి. అంతకన్న పెద్ద నష్టం, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే క్లౌడ్‌కు వేరే ఊళ్ళో నకలు లేకపోవడం. అవి బూడిదైపోయాయి. అంత చదువుకున్న దేశంలోనే అలా జరిగింది చూడండి! క్లౌడ్ అన్న పేరుంటే చాలదు, నకలు వేరే చోట ఉండాలి.

ఇక మనం చేసుకోవలసిన పనులు.

మొదటిది: ముఖ్యమైన కాగితాలు మూడుచోట్ల ఉండాలి. అసలు కాగితం ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువా పైఅరలో. ఫోటో తీసిన నకలు క్లౌడ్‌లో. మరో నకలు వేరే ఊళ్ళో ఉన్న అక్క ఇంట్లోనో, అత్తవారింట్లోనో. డిజిలాకర్ అని 2015లో ప్రభుత్వం పెట్టిన పెట్టె ఉంది. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, మార్కుల జాబితాలు వాటిని ఇచ్చిన శాఖల నుంచే అందులోకి వస్తాయి. అలా వచ్చినవాటికి అసలుతో సమానమైన విలువ ఉంది.

రెండోది: క్లౌడ్‌లో దాచడమూ, క్లౌడ్‌తో కలిసి నడవడమూ ఒకటి కాదు. గూగుల్ ఫోటోస్‌లో ఒక బొమ్మ చెరిపేస్తే అది ఫోనులోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది కాబట్టి ఆ లోపల తిరిగి తీసుకోవచ్చు. ఫోనులో జాగా కావాలంటే చెరపకండి. జాగా ఖాళీ చేయమనే మీట వేరే ఉంది, దాన్ని నొక్కండి.

మూడోది: ఉచితమన్నది కొంతవరకే. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జి.బి. చోటు. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా అందులోకే లెక్క. నిండాక నెల నెలా అద్దె కట్టాలి. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాను మూసేసే హక్కు కూడా ఆ కంపెనీ ఉంచుకుంది. అద్దె ఇంట్లో ఉన్నామన్న సంగతి మరవకూడదు.

నాలుగోది, చాలామంది ఆలోచించనిది: ఆ ఖాతా ఎవరి పేర ఉంది? ఇంట్లో ఫోటోలూ, బీమా కాగితాలూ అన్నీ ఆయన ఖాతాలోనే ఉండి, తాళపు మాట ఆయనకొక్కరికే తెలిసి ఉంటే, రేపు కానిది ఏదైనా జరిగితే ఇల్లాలు గుమ్మం బయటే నిలబడాలి. బ్యాంకు ఖాతాకు నామినీ రాసినట్లే, గూగుల్‌లోనూ ఆపిల్‌లోనూ మన తరవాత ఎవరు తెరవవచ్చో ముందే రాసిపెట్టే వీలుంది. ఈ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ పని పూర్తిచేయండి. తాళపు మాట మాత్రం, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. మాత్రం, బ్యాంకు వాళ్ళమని చెప్పినా, ప్రభుత్వం వాళ్ళమని చెప్పినా ఎవరికీ చెప్పకండి.

కాలువ వచ్చిందని మన పెద్దలు ఊరచెరువు పూడ్చలేదు. కాలువ కట్టేసే వేసవిలో ఆ చెరువే ఊరి దాహం తీర్చింది. కాలువతోనే ఆ చెరువును నింపుకున్నారు కూడా. మబ్బును వాడుకోవడం నేర్చుకుందాం, బీరువా తాళం మాత్రం మన కొంగునే ఉంచుకుందాం.